తడిసి మోపెడు

సర్వర్ గదిలో ఎండాకాలం లేదు, వానాకాలం లేదు. ఉన్నది ఒక్కటే కాలం, ఏసీ కాలం. అందుకని ఆ గదిలో కూర్చునే ఆయన ఏడాది పొడుగునా స్వెట్టరుతోనే తిరుగుతాడు. చెమటలు కక్కుతూ వరసల్లో నిలబడ్డ రోగుల మధ్యనుంచి ఆయన స్వెట్టరు వేసుకుని నడిచి వెళుతుంటే, పాపం ఎంత జ్వరమో అనుకుని జనం పక్కకి తప్పుకుని దారి ఇస్తారు. ఆ పెద్దాసుపత్రి డేటాబేసు మంచీచెడ్డా చూసే ఉద్యోగం ఆయనది. ఏ కౌంటర్లో ఏ తెర కదలకుండా నిలిచిపోయినా ఫోను ఆయనకే వస్తుంది. ఆయన ఒకటే మాట చెబుతాడు: "తాళం పడింది, కాస్త తాళండి." అని అని, చివరికి ఆయన పేరే తాళాలాయన అయిపోయింది.

ఆ తాళం ఇనపది కాదు. ఒక రోగి వివరాలున్న వరసని ఒకరు దిద్దుతుండగా ఇంకొకరు అందులో చెయ్యి పెట్టకుండా డేటాబేసు వేసే గడియ. మొదటివారి పని అయిపోగానే గడియ తీసేస్తుంది, రెండోవారు లోపలికి వస్తారు. పెద్దమనిషి తరహా ఏర్పాటే. పెద్దమనుషులు ఇద్దరు ఎదురుపడినప్పుడే చిక్కు.

ఆ సోమవారం పొద్దున మేనేజరు ఫోను చేశాడు. గోడకి ఏ గ్రాఫూ లేకపోతే ఆయనకి గది గదిలా కనబడదు గనక అందరూ ఆయన్ని వెనకాల గ్రాఫుగారని పిలుచుకుంటారు.

"ఏమయ్యా తాళాలూ, కౌంటర్లవారీగా, మనుషులవారీగా రద్దయిపోయిన ఎంట్రీలు కావాలి. స్తంభాల గ్రాఫు వేసి పంపు."

"దేనికండీ?"

"శుక్రవారం కాంట్రాక్టు వాళ్ల పొడిగింపులు. మందుల కౌంటరువి ఈ వారం, ల్యాబువి వచ్చే వారం. ఎవరు ఎక్కువ తప్పులు చేస్తున్నారో చూడొద్దూ? అందర్నీ ఉంచుకోడానికి ఇదేమన్నా సత్రమా?"

తాళాలాయన ప్రశ్న రాసి డేటాబేసుని అడిగాడు. అది నెమరేసే గేదెలా కూర్చుంది. చూస్తే, రద్దుల చిట్టా మొత్తం మొదటి వరసనుంచి ఆఖరి వరసదాకా ఒక్కొక్కటే చదువుకుంటూ పోతోంది. పుస్తకంలో ఒక్క మాట ఎక్కడుందో వెతకడానికి మొదటి పేజీనుంచి పారాయణ మొదలుపెట్టినట్టు. ఆయన నాలుక చప్పరించి, తేదీ మీదా మనిషి మీదా ఒక ఇండెక్సు కట్టాడు. పుస్తకం వెనక పదాల పట్టీ అతికించినట్టన్నమాట. మళ్లీ అడిగాడు. ఈసారి వేలు మీటమీంచి లేచేలోపల జవాబు వచ్చేసింది.

ఆ వేగం చూసి ఆయన మొహం వెలిగిపోయింది. వేగాన్నే చూశాడు. స్తంభాల్లో ఒకటి మిగతావాటి మధ్య ధ్వజస్తంభంలా లేచి నిలబడి ఉందని, దాని కింద మందుల కౌంటరు మనిషి పేరుందని కళ్లకి కనబడింది గాని బుర్రలోకి ఎక్కలేదు. గ్రాఫు పంపేసి టీకి వెళ్లాడు.

టీ కొట్టు దగ్గర సూదిబావ అప్పటికే రెండు గ్లాసులు పట్టుకుని ఉన్నాడు. ల్యాబులో రక్తం తీసే మనిషి. రిటైరైతే మళ్లీ కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఎవరికి సూది గుచ్చినా "అయిపోయింది బావా" అనడం అలవాటు. అలా ఊరందరికీ బావ అయ్యాడు.

"ఏం బావా, మొహం అలా వెలుగుతోంది?"

"ఒక ప్రశ్నకి పట్టే సమయాన్ని రెప్పపాటుకి దించాను బావా."

"నువ్వు వేగం పెంచితే మాకేంటయ్యా? నేను ఒంటివేలు గాణ్ని. ఒక్కో అక్షరం వెతుక్కుని, ఒక్కో గొట్టానికి ఒక్కోసారి సేవ్ నొక్కి ముందుకు పోతా. నువ్వే కదా చెప్పావు, సేవ్ చెయ్యడమే సేవ అని!"

తాళాలాయన టీ పొలమారేలా నవ్వాడు. కొత్తగా చేరినవాళ్లందరికీ క్లాసులో ఆయన చెప్పే మాట అది. చిన్న చిన్న ముక్కలుగా పని చెయ్యండి, ఎప్పటికప్పుడు సేవ్ చెయ్యండి, తెర తెరిచిపెట్టి టీకి పోకండి. తాళం ఎంత తక్కువసేపు పట్టుకుంటే మీ వెనకవాడు అంత తక్కువసేపు తాళాలి. క్లాసులో సగంమంది నిద్రపోయేవారు. మిగతా సగం నవ్వి, మర్చిపోయేవారు. విని, పాటించినవాళ్లు ఇద్దరే తేలారు. ఒకరు బావ. రెండోవారి పేరు ఆ పూట గ్రాఫులో ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఆ రెండోవారు సర్వర్ గది తలుపు తట్టారు. మందుల కౌంటర్లో మూడు కిటికీలుంటే పనిచేసే కిటికీ ఒక్కటే, అందులో ఉండేది మాత్రలమ్మ మాత్రమే. ఆవిడ గదిలోకి వచ్చి చలికి చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. చేతిలో గ్రాఫు కాగితం మడతపెట్టి ఉంది.

"అన్నయ్యా, ఇది మీరు తీసిందేనట."

"అవును చెల్లెమ్మా."

"నేనేం తప్పు చేశానో చెబుతారా? శుక్రవారం నన్ను పంపించేస్తారని చెప్పారు. తప్పేంటో తెలిస్తే పోతూ పోతూ దిద్దుకుంటాను."

మాటలో వెక్కిరింత లేదు. అదే ఆయనకి గుచ్చుకుంది. కుర్చీ చూపించి, ఆవిడ పేరు మీద రద్దయిన ఎంట్రీలు ఒక్కొక్కటే తెరిచాడు.

"తెర మీద ఏం వస్తుంది నీకు?"

"'మీ పని రద్దయింది, మళ్లీ ప్రయత్నించండి' అని వస్తుంది. మళ్లీ కొడతాను. ఒక్కోసారి రెండోసారీ అదే. వరసలోవాళ్లు నా చేతగానితనం అనుకుని అరుస్తారు. రద్దీ వల్ల రద్దవుతోందో, రద్దవడం వల్ల రద్దీ అవుతోందో నాకు తెలీదన్నయ్యా."

మామూలుగా అయితే ఆ మాటకి ఆయన చప్పట్లు కొట్టేవాడు. ఈసారి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ప్రతి రద్దు పక్కనా డేటాబేసు ఒక చిన్న ఆనవాలు వదిలింది. అన్నిటికీ ఒకటే ఆనవాలు. డెడ్‌లాక్. ఆయన భాషలో చావుతాళం.

కథ ఇది. మాత్రలమ్మ ప్రోగ్రాము ముందు మందు వరసని పట్టుకుంటుంది, తర్వాత రోగి వరస కోసం చెయ్యి చాస్తుంది. వార్డుల్లో పెద్ద సిస్టర్ వాడే ప్రోగ్రాము ముందు రోగి వరసని పట్టుకుంటుంది, తర్వాత మందు వరస కోసం చెయ్యి చాస్తుంది. ఇద్దరూ ఒకే రోగి మీదా ఒకే మందు మీదా తారసపడితే అయిపోయింది. ఈమె చేతిలోది ఆమెకి కావాలి, ఆమె చేతిలోది ఈమెకి కావాలి. ఎవరూ వదలరు. ప్రళయందాకా నిలబడతారు. అందుకని డేటాబేసు మధ్యలో దూరి ఇద్దరిలో ఒకరిని చంపేస్తుంది. ఎవరిని చంపాలంటే దానికో లెక్కుంది. ఎవరి పనిని వెనక్కి తిప్పడం తేలికో వాళ్లని.

పెద్ద సిస్టర్ వార్డు మొత్తానికి కావలసిన మందులన్నీ మధ్యాహ్నందాకా పేర్చుకుని, ఒక్కసారిగా గుదిబండలా సేవ్ చేస్తుంది. మాత్రలమ్మ ఒక్కో చీటీకి ఒక్కోసారి నొక్కుతుంది. నీళ్లలో తేలికైనది తేలుతుంది. డేటాబేసులో తేలికైనదే మునుగుతుంది.

"నువ్వు ఒక్కో చీటీకి ఒక్కోసారి ఎందుకు సేవ్ చేస్తున్నావు?" అని అడిగేశాడు. అడిగాక నాలుక కరుచుకున్నాడు.

"మీరే చెప్పారుగా," అందావిడ.

ఏసీ గురక పెట్టింది. ఆయన చెప్పాల్సింది చెప్పాడు, తప్పు నీది కాదని. ఆవిడ కాగితం ఇంకో మడత పెట్టింది. "అయితే ఆ మాట మేనేజరుగారికి చెబుతారా? మంచాన పడ్డ మా ఆయన మాత్రలు కూడా ఈ కౌంటర్లోంచే ఇంటికి వెళతాయి. ఉద్యోగిని గనక ఇస్తున్నారు. నేను కిటికీకి ఇవతల ఉన్నంతకాలమే ఆయన ఆ మంచంమీద ఉంటాడు."

ఆవిడ వెళ్లిపోయాక కూడా కుర్చీ కాసేపు తిరుగుతూనే ఉంది.

గ్రాఫుగారి గదిలో స్తంభాలు నాలుగు గోడల మీదా ఉన్నాయి. తాళాలాయన నిలబడే, రెండు పెన్నులు తీసుకుని, ఒకటి మందు, ఒకటి రోగి అని, చేతులు మార్చి చూపించి, చావుతాళం అంటే ఏంటో నోరు ఎండిపోయేలా వివరించాడు. గ్రాఫుగారు శ్రద్ధగానే చూశాడు, ముఖ్యంగా పెన్నులని. అవి ఆయనవి.

"అంటే గొడవ ఇద్దరి మధ్య. రద్దవుతున్నది మాత్రం ఆవిడదే."

"అవునండీ. ఎందుకంటే ఆవిడ పని చిన్నది."

"నేను అంటున్నదీ అదేగా! ఆవిడ పని చిన్నది. ఆ మాత్రం పని కూడా చెయ్యలేకపోతోంది."

"అది కాదండీ. తప్పు ప్రోగ్రాములో ఉంది. వార్డువాళ్లూ, కౌంటరువాళ్లూ ఒకే వరసలో తాళాలు పట్టుకోవాలి. ముందు మందు, తర్వాత రోగి. లేదా ముందు రోగి, తర్వాత మందు. ఏదైనా సరే, అందరికీ ఒకటే వరస. వరస తప్పింది గనకే ఈ గొడవ."

"వరసలూ వావులూ చూడ్డానికి ఇదేమన్నా పెళ్లిచూపులా? ప్రోగ్రాము కంపెనీవాళ్లది. వాళ్లనడుగు."

తాళానికైనా చెవి ఉంటుంది. ఆయనకి లేదు.

కంపెనీకి ఫోను చేస్తే ఒక గొంతు తీయగా పలికింది. "సర్, అది తప్పు కాదు, డిజైన్. డెడ్‌లాక్ వచ్చినా డేటాబేసు తనంతట తనే సర్దుకుంటోంది కదా సర్?"

"సర్దుకుంటున్నది డేటాబేసు కాదు బాబూ, ఒక మనిషి."

"మీ మేనేజరుగారి సంతకంతో మార్పు కోసం అడగండి సర్. తర్వాతి విడుదలలో చూస్తాం."

సంతకం కోసం మళ్లీ గ్రాఫుగారి దగ్గరికి. ఆయన కాగితం తీసుకుని పేపర్‌వెయిట్ కింద పెట్టాడు. "శుక్రవారం గొడవ అయిపోనీ. చూద్దాం." పేపర్‌వెయిట్ చిన్నదే. దాని కిందకి వెళ్లిన కాగితం బయటికి వచ్చిన దాఖలా లేదు.

తాళాలాయన చేతిలో ఇంకో కిటుకు ఉంది. కౌంటరు ప్రోగ్రాము డేటాబేసు తలుపు తట్టగానే పలికే మొదటి వాక్యం ఒకటి ఆయన మార్చుకోవచ్చు. అందులో 'ఈ మనిషి ముఖ్యం, ఈమెని చంపకు' అని రాయొచ్చు. రాశాడు కూడా. మీట నొక్కబోయి ఆగాడు. ఈమెని చంపకపోతే డేటాబేసు వార్డు గుదిబండని వెనక్కి దొర్లిస్తుంది. అదెంత పెద్దదో అంతసేపు దొర్లుతుంది, అంతసేపూ వార్డులో మందులు ఆగుతాయి. ఇక్కడ బలి లేకుండా చెయ్యడానికి లేదు. బలిని మార్చడానికే ఉంది. ఆయన రాసింది చెరిపేశాడు.

బుధవారం పొద్దున ఇంట్లో యుద్ధం. వారంగా ముసురు పట్టి బట్టలారడం లేదు. ఇల్లు మొత్తానికి పొడి తువ్వాలు ఒక్కటి. కొడుకు తువ్వాలు లేకుండా స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుని, ఒళ్లంతా తడుపుకున్నాక గుర్తొచ్చి అరుస్తున్నాడు. కూతురు తువ్వాలు పట్టుకుని తలుపు బయట నిలబడి ఉంది. ఆమెకి కాలేజీకి వేళవుతోంది.

"తువ్వాలిస్తే బయటికొస్తా!"

"బయటికొస్తే తువ్వాలిస్తా!"

టిఫిను ముందు కూర్చున్న తాళాలాయన చెయ్యి నోటి దగ్గర ఆగింది. సాక్షాత్తూ చావుతాళం, అదీ తన ఇంట్లో, తన సంతానం మధ్య! వంటింట్లోంచి ఆయన భార్య వచ్చింది.

"ఇచ్చేయవే. వాడు తడిసిపోయాడు. నువ్వింకా పొడిగానేగా ఉన్నావు."

"రోజూ ఇదే మాటమ్మా! రోజూ నేనే వెనక్కి తగ్గాలి, రోజూ నాకే ఆలస్యం. తడిసినవాడిదేనా న్యాయం?"

"మరేం చెయ్యను? తడిసినవాణ్ని పొడి చెయ్యలేను కదా."

కూతురు తువ్వాలు భుజాన వేసుకుని వంటింట్లోకి వెళ్లింది. కుళాయి విప్పిన చప్పుడు. మరుక్షణం తల మొత్తం సింకు కింద తడుపుకుని, జుట్టులోంచి నీళ్లు కారుతుండగా వచ్చి నిలబడింది.

"ఇప్పుడు నేనూ తడిశాను. ఇంక వాణ్ని పంపించు బయటికి."

లోపల కొడుకు గొణుక్కుంటూ చొక్కాతోనే ఒళ్లు తుడుచుకుని బయటికి వచ్చాడు. తాళాలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు.

"నవ్వండి," అంది భార్య నేల తుడుస్తూ. "మెత్తగా ఉంటేనే మొత్తబుద్ధేస్తుంది. దానికి ఇన్నాళ్లకి తెలిసింది. ఇల్లంతా తడిసి మోపెడయింది, తుడవడానికి మాత్రం నేను."

మంచి జోకు దొరికితే కడుపులో దాచుకోగల మనిషి కాదు తాళాలాయన. ఆస్పత్రికి వెళుతూనే మందుల కౌంటరు కిటికీ దగ్గర ఆగాడు. ముందు, సంతకం కాలేదని చెప్పాలి. ఆ మాట చెప్పడానికి నోరు రాక, ఆవిడని కాస్త నవ్విద్దామని, తువ్వాలు కథ చెప్పాడు. చేతులు తిప్పుతూ, కూతురి గొంతూ కొడుకు గొంతూ పెట్టి, తల తడుపుకునే దగ్గర స్వెట్టరు మెడ పైకి లాగి మరీ చెప్పాడు. వరసలో నిలబడ్డవాళ్లు కూడా నవ్వారు.

మాత్రలమ్మ నవ్వలేదు.

"తడిసినవాళ్లని వెనక్కి పంపరన్నమాట," అంది.

"అదే కదా తమాషా!"

"మేనేజరుగారు ఒప్పుకోలేదు కదా అన్నయ్యా?"

ఆయన స్వెట్టరు మెడ సరిచేసుకున్నాడు. "శుక్రవారం తర్వాత చూస్తానన్నాడు చెల్లెమ్మా."

ఆవిడ తల ఊపి, కిటికీలోంచి చీటీ అందుకుంది. దాన్ని తెరమీద ఎక్కించింది. సేవ్ నొక్కలేదు. పక్కన పెట్టి ఇంకో చీటీకి చెయ్యి చాచింది. ఆయన అప్పటికే వెనక్కి తిరిగాడు.

శుక్రవారం సాయంత్రం గ్రాఫుగారు స్వయంగా సర్వర్ గదికి వచ్చాడు. చేతిలో కొత్త గ్రాఫు. ఇప్పుడది ఆయనే తీసుకోగలడు, ఇండెక్సు పుణ్యమా అని రెప్పపాటులో వస్తోంది.

"చూశావటయ్యా? రెండు రోజుల్లో మాత్రలావిడ స్తంభం నేలమట్టం! గట్టిగా ఒక మాటంటే జనం దారికొస్తారు. నువ్వేమో ప్రోగ్రాము మార్చాలి, వరస మార్చాలి అన్నావు. పొడిగించేశాను. ఆ మార్పు కాగితం ఇంక అక్కర్లేదు కదా?"

"కావాలండీ. అసలు రోగం..."

"రోగం తగ్గాక మందేంటయ్యా? ఇది ఆస్పత్రి!" అని తన జోకుకి తనే నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. తాళాలాయన జీవితంలో మొదటిసారి ఒక శ్లేష విని మొహం చిట్లించాడు.

కిందకి దిగి చూశాడు. మందుల వరస హాలు దాటి, మెట్లు దాటి, గేటు దగ్గర పాము తోకలా వంకర తిరిగి ఉంది. కిటికీ లోపల మాత్రలమ్మ చీటీలు పేరుస్తోంది. ఒకటి, ఇంకొకటి, దానిమీద ఇంకొకటి. మాత్రలన్నీ పొట్లాలు కట్టి పెట్టింది, ఎవరికీ ఇవ్వడం లేదు. కుప్ప చేతిమందం అయ్యాక గట్టిగా ఊపిరి తీసుకుని ఒక్కసారి సేవ్ నొక్కింది. తెరమీద చక్రం తిరిగింది. తిరిగింది. ఆగింది. రద్దు కాలేదు. అప్పుడు వరసగా పొట్లాలు అందించడం మొదలుపెట్టింది. నిలబడి నిలబడి కాళ్లు లాగేసిన ఒక ముసలావిడ గోడకి జారగిలబడి, "ఇదేంటో, ఇదివరకు ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చేది," అంటోంది పక్కామెతో.

ఆ కుప్ప ఎక్కించినంతసేపూ అందులో ఉన్న మందుల వరసలన్నిటికీ, రోగుల వరసలన్నిటికీ తాళాలే. మనుషులు బయట ఎంత పొడుగున నిలబడ్డారో, లోపల తాళాలూ అంత పొడుగున నిలబడ్డాయి. అతి తేలిక మనిషి అతి బరువు మనిషైంది. బరువున్నచోట బలి లేదు. బలి ఇంకో గుమ్మం వెతుక్కుంటుంది.

ఏ గుమ్మమో సోమవారానికి తేలింది. గ్రాఫుగారు ఫోనులో, "ఈసారి ల్యాబులో ఉందయ్యా. ఆ ఒంటివేలు ఆయన. ముసలాయన కదా, చేతులు వణుకుతున్నట్టున్నాయి. శుక్రవారం చూద్దాం," అన్నాడు.

సూదిబావ ల్యాబు సామాను తీసుకోవడం కూడా మందుల పట్టికలోంచే, అదీ వార్డువాళ్లలాగే ముందు రోగి వరసని పట్టుకుని. ఒక్కో గొట్టానికి ఒక్కోసారి. తాళాలాయన చిట్టా తెరిచాడు. వరసగా అదే ఆనవాలు. ఒకవైపు మాత్రలమ్మ కుప్ప, ఒకవైపు బావ ఒక్క గొట్టం. డేటాబేసు ఒక్కసారి కూడా తడుముకోలేదు.

కౌంటరు భోజనానికి మూసిన వేళ ఆయన పక్క తలుపులోంచి లోపలికి వెళ్లాడు. మాత్రలమ్మ పొట్లాల మధ్య క్యారేజీ విప్పుకుంటోంది.

"చెల్లెమ్మా, మళ్లీ ఒక్కో చీటీకి ఒక్కోసారి సేవ్ చెయ్యాలి నువ్వు."

"ఎవరిది పోతోంది?"

అంత తిన్నగా అడుగుతుందనుకోలేదు. "ల్యాబులో బావది."

ఆవిడ చెయ్యి క్యారేజీ మూత మీద ఆగింది. "మంచాయన. మా ఆయనకి రక్తం తీసేటప్పుడు ఒక్కసారి కూడా నొప్పి తెలియనివ్వలేదు." మూత మళ్లీ పెట్టేసింది. "నేను చిన్నచిన్నగా చేస్తే నాది పోతుంది. పెద్దగా చేస్తే ఆయనది పోతుంది. మూడో దారి ఉందా?"

"ఉంది. కంపెనీవాళ్లు వరస మారిస్తే."

"మారుస్తారా?"

ఆయన పొట్లాల వంక చూశాడు. ఒక్కోదానిమీద ఒక్కో పేరు ఆవిడ గుండ్రని అక్షరాల్లో ఉంది.

"ఇన్నాళ్లూ మీరు చెప్పినట్టే చేశాను అన్నయ్యా. క్లాసులో నేను నిద్రపోలేదు, నవ్వి మర్చిపోలేదు. వెనకవాడు తాళాలి కదా అని తొందర తొందరగా వదిలేశాను. నా వెనక ఎవరున్నారో అప్పుడు చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాను, మంచంమీద ఉన్నాడు." తల ఎత్తింది. "నన్ను మళ్లీ పొడిగా నిలబడమంటున్నారు మీరు."

క్లాసులో అయితే ఇలాంటప్పుడు ఆయన నోట ఒక శ్లేష దొర్లేది. "తిను చెల్లెమ్మా, చల్లారిపోతుంది," అని బయటికి వచ్చేశాడు.

తిన్నగా గ్రాఫుగారి గదికి వెళ్లాడు. ఆయన లేడు. బల్లమీద పేపర్‌వెయిట్ ఉంది. ఎత్తి చూశాడు. కింద కాగితం లేదు.

ల్యాబులో సూదిబావ తెరముందు కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, మూడోసారి అదే గొట్టం ఎక్కిస్తున్నాడు.

"రా బావా, రా. ఇదేదో నామీద పగబట్టింది. మళ్లీ ప్రయత్నించు, మళ్లీ ప్రయత్నించు అంటుంది. నేను జనానికి తీసే రక్తం కంటే ఎక్కువ ఇది నాకే తీస్తోంది. చేతులు వణుకుతున్నాయటగా నాకు? ఎవరో అన్నారు. చూడు, వణుకుతున్నాయా?" రెండు చేతులూ చాచి చూపించాడు. రాయిలా నిలిచి ఉన్నాయి.

తాళాలాయన స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. స్వెట్టరు చేతులు పైకి మడిచాడు.

"బావా, చెప్పింది చెయ్యి. ట్రేలో గొట్టాలన్నీ ఎక్కించు. మధ్యలో సేవ్ నొక్కకు. అన్నీ అయ్యాక ఒక్కసారి నొక్కు."

"అన్నీనా?"

"అన్నీ. కుప్పగా."

"మధ్యలో కరెంటు పోతే?"

"పోతే మొత్తం పోతుంది."

బావ కళ్లజోడు తీసి ఆయన వంక చూశాడు. "ఎప్పటికప్పుడు సేవ్ చెయ్యమంది నువ్వే కదయ్యా? సేవ్ చెయ్యడమే సేవ అనీ..."

"అన్నాను."

"మరి?"

"ఎక్కించు బావా."

బావ ఎక్కించాడు. ఒంటివేలుతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ట్రే మొత్తం. గొట్టాల మూతల రంగులు ఎర్రవీ ఊదావీ ఒక్కొక్కటే ఇటునుంచి అటు మారుతుంటే తాళాలాయన చూస్తూ కూర్చున్నాడు. మధ్యలో రెండుసార్లు బావ వేలు అలవాటుగా సేవ్ వైపు వెళ్లింది. రెండుసార్లూ ఆయన ఆ వేలు పట్టుకుని వెనక్కి తీశాడు. ఆఖరి గొట్టం అయ్యాక, "ఇప్పుడు," అన్నాడు. బావ నొక్కాడు. చక్రం తిరగడం మొదలైంది.

కింద హాల్లో జనం గోల ఒక్కసారి హెచ్చి, సద్దుమణిగింది. తాళాలాయన జేబులో ఫోను మోగింది. మందుల కౌంటరు.

"అన్నయ్యా, సేవ్ నొక్కాను, తెర కదలడం లేదు." మాత్రలమ్మ గొంతు వెనక ఎవరో దగ్గుతున్నారు. ఎవరో పిల్ల ఏడుస్తోంది. "చీటీలు చేతినిండా ఉన్నాయి. వరస గేటు దాటింది. ఏమైంది?"

ఆయన బావ తెరవంక చూశాడు. చక్రం తిరుగుతూనే ఉంది. "తాళం పడింది," అన్నాడు. రెండో ముక్క నోటిదాకా వచ్చి నిలిచిపోయింది.

అవతల చీటీలు బల్లమీద పెట్టిన చప్పుడైంది.

"తాళమంటారు. అంతేగా," అని ఆవిడ ఫోను పెట్టేసింది.

"వెళ్లిందా బావా?" అన్నాడు సూదిబావ, వేలు ఇంకా మీటమీదే ఉంచి.

"వెళుతోంది," అన్నాడు తాళాలాయన. "నువ్వు చెయ్యి తియ్యకు."